రోజుకో బొమ్మ, రోజుకో తప్పు

2019 సెప్టెంబరు ఆఖర్న మా మేనకోడలు బెంగళూరు నుంచి వాట్సాప్‌లో ఒక జాబితా పంపింది. 31 ఇంగ్లీషు మాటలు, వాటి పక్కన తారీఖులు. కింద ఒక ముక్క: "మావయ్యా, చిన్నప్పుడు నువ్వు బొమ్మలేసేవాడివని అమ్మ చెప్పింది. అక్టోబరంతా రోజుకో బొమ్మ. పెన్సిల్ కుదరదు, ఇంకుతోనే. మధ్యలో మానకూడదు."

అప్పుడు నేను కడియపులంకలో మా బావగారి నర్సరీలో లెక్కలు చూస్తున్నాను. ఏ లారీలో ఎన్ని మందారాలు ఎక్కాయి, ఎన్ని నూరువరహాలు వెనక్కొచ్చాయి, ఎన్ని కవర్లు చిరిగాయి, ఇదే నా రాత. తీరుబడి ఉన్న ఉద్యోగమేం కాదు. వానలు మొదలైన దగ్గర్నుంచి మొక్కల బేరం జోరుగా ఉంటుంది. ఒరిస్సా లారీ వెళ్ళేసరికి మహారాష్ట్ర లారీ వచ్చి నిలబడుతుంది. ఆ జాబితా చూసి నవ్వుకుని ఫోను జేబులో పెట్టేసుకున్నాను. రాత్రి మళ్ళీ ఎందుకు తీసి చూశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. "చిన్నప్పుడు వేసేవాడివి" అన్న మాట ఎక్కడో గుచ్చుకుని ఉంటుంది.

అక్టోబరంతా ఇలా రోజుకో బొమ్మ వేయడాన్ని ఇంక్టోబర్ అంటారు. జేక్ పార్కర్ అనే అమెరికా చిత్రకారుడు 2009లో ఇంకు పనిలో తన చెయ్యి తిరగడానికీ, రోజూ గీసే అలవాటు కోసమూ మొదలుపెట్టుకున్నాడు. ఆయన కోసం ఆయన పెట్టుకున్న నియమం కాస్తా చూస్తుండగా దేశదేశాలకీ పాకింది. రోజూ వల్లకాని వాళ్ళు రోజు విడిచి రోజు గీయొచ్చు, అదీ కుదరకపోతే వారానికొకటి వేసినా చాలునని ఆయనే సడలింపు కూడా ఇచ్చాడు. మా మేనకోడలు ఆ సడలింపు సంగతి మాత్రం నా దగ్గర దాచింది. నెల గడిచాక గానీ నాకు తెలియలేదు.

పెన్ను కోసం నాన్న ట్రంకుపెట్టె తెరిచాను. అందులో ఒక రత్నం పెన్నుండాలి. రాజమండ్రిలో కె.వి.రత్నంగారు గాంధీగారి స్వదేశీ మాట పట్టుకుని 1932లో మొదలుపెట్టిన పెన్నులవి. గాంధీగారు కూడా ఆ పెన్నుతో రాసి, బాగుందని ఆయనకి ఉత్తరం రాశారు. మా నాన్న పెన్నుకి అంత చరిత్రేం లేదు. దానితో ఆయన అర్జీలు, పెళ్ళి లగ్నపత్రికలు, అప్పుపత్రాలు రాసేవాడు. నల్లటి ఎబొనైట్ పెన్ను, చేత్తో చిత్రిక పట్టింది. అరచేతిలో కాసేపు రుద్దితే గంధకం వాసన వేస్తుంది. ఆ వాసన రాగానే నాన్న ముఖం కాదు, ఆయన చొక్కా జేబు కింద ఉండే నీలపు మరక గుర్తొచ్చింది. ముఖం రావడానికి ఇంకొంచెం సేపు పట్టింది.

రాజమండ్రిలో స్టేషనరీ కొట్టు ఆయన పెన్ను చూసి, "ఇందులో ఇండియన్ ఇంకు పోయకండి, గడ్డకట్టి కూర్చుంటుంది. మామూలు రాత ఇంకే పోసుకోండి. ఇండియన్ ఇంకు కావాలంటే ముంచి గీసే పాళీ వేరే ఉంది" అన్నాడు. అందులో లక్క కలుస్తుందట, ఆరితే నీళ్ళకి కరగదట. రాత ఇంకు అలా కాదు. ఆరిన గీతమీద తడి వేలు పెట్టి లాగితే మేఘంలా పరుచుకుంటుంది. ఆ నెలలో నేను వేసిన నీడలన్నీ వేలితో వేసినవే. కాగితం మన రాజమండ్రి పేపరు మిల్లుదే తీసుకున్నాను, జిరాక్సు మిషన్లలో పెట్టేది. దానిమీద పాళీ ఒక్క క్షణం ఆగినా ఇంకు పీల్చేసి చుక్క అయిపోతుంది. ఆగకుండా గీయడం నాకు గురువెవరూ నేర్పలేదు, ఆ చవక కాగితమే నేర్పింది.

అప్పట్లో బొమ్మలు ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. ఎనభైల్లో ఈ గోదావరి జిల్లాల్లో బొమ్మలేసే కుర్రాళ్ళందరికీ ఒకటే జబ్బు. దాని పేరు బాపు. ఆయన పుట్టింది నరసాపురం, ఆయన స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణది మా పక్కనే ధవళేశ్వరం. అంచేత ఆ గీత మా ఊరి సొత్తే అన్నట్టుండేది మా ధీమా. వారపత్రిక రాగానే కథలు చదవకుండా బొమ్మలు చించి దాచుకునేవాణ్ణి. కథల బొమ్మలన్నీ ఇంకుతోనే ఎందుకుంటాయో అప్పుడు తెలియదు. అచ్చులో లైన్ బ్లాకు తియ్యాలంటే గీత నల్లగా, తెగేసినట్టుండాలి. పెన్సిల్ బూడిదరంగు అందులో దిగదు. మాకు కళగా కనబడ్డదానిలో సగం ప్రెస్సువాడి అవసరం. తిరుగు తపాలా బిళ్ళలు జతచేసి నేనూ పత్రికలకి బొమ్మలు పంపాను. అన్నీ తిరిగొచ్చాయి. వాటిలో ఒకటి మొన్నామధ్య దొరికింది. అందులో అమ్మాయి జడ బాపుది, కళ్ళు బాపువి, కింద సంతకం వంపు కూడా బాపుదే. నాదంటూ ఉన్నది వెనక రాసిన అడ్రసొక్కటే. అప్పట్లో మాత్రం ఆ సంపాదకులకి కళ్ళు లేవని రెండేళ్ళపాటు అందరితోనూ చెప్పుకు తిరిగాను. తర్వాత చెప్పడం మానేశాను, గీయడమూ మానేశాను.

మొదటి రెండు మూడు రోజుల బొమ్మలు ఇప్పుడు చూస్తే అదే పాత చెయ్యి. జడలూ, సోగకళ్ళూ. అక్టోబరు రెండున కాకినాడ దగ్గర కరపలో అప్పటి ముఖ్యమంత్రి గ్రామ సచివాలయాలు మొదలుపెట్టారు. మా నర్సరీలో మనుషులంతా వాటిలో ఉద్యోగాలొచ్చినవాళ్ళ గురించీ రానివాళ్ళ గురించీ మాట్లాడుకుంటున్నారు. ఆ గోలలో బల్లమీద మర్చిపోయిన నా కాగితాన్ని మామ్మ చూసింది.

మామ్మ అంటే మాకు చుట్టం కాదు. కవర్లలో మట్టి నింపే పెద్దావిడ. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపిన కుప్ప ముందు గొంతుక్కూచుని, చూడకుండా కవరు నింపి, చూడకుండా మొక్క నిలబెట్టేది. చదువు రాదు. అందరం మామ్మా అనేవాళ్ళం. ఆవిడ నన్ను అబ్బాయిగారూ అనేది, నాకప్పటికే సగం జుట్టు నెరిసినా సరే.

ఆ కాగితంలో ఒక అమ్మాయి గన్నేరు చెట్టు కింద నిలబడి ఉంది. మామ్మ అమ్మాయిని చూడనే లేదు. "గన్నేరాకు మూడేసి కదండీ వత్తాది? తవరు రెండేసి ఏసేరేంటండీ?" అంది.

వెళ్ళి చూశాను. నిజమే. కణుపు కణుపుకీ మూడేసి ఆకులు. ఆ మొక్కల్ని లెక్కపెట్టి లారీకి ఎక్కించిన మనిషిని నేను. ఎన్ని వేల గన్నేరు మొక్కలు నా బిల్లుల్లోంచి పోయాయో! కొమ్మకి ఆకులెలా వస్తాయో మాత్రం ఏనాడూ చూడలేదు.

మర్నాడు పొద్దున ఆవిడే అడిగింది, "ఇయ్యాలేం గీసేరండీ?" అని. ఆ మాటతో నా అక్టోబరు మారిపోయింది. రాత్రి పది దాటాక, ఒళ్ళు హూనమై, ఇక పడుకుందామనుకున్న ప్రతిసారీ పొద్దున్నే ఆ కుప్ప దగ్గర నుంచి వినబడబోయే ప్రశ్న గుర్తొచ్చేది. ఏం లేదు మామ్మా అని చెప్పడానికి మనసొప్పేది కాదు. లేచి దీపం కింద కూర్చునేవాణ్ణి. దోమలు, హైవే మీద లారీల చప్పుడు, తడిసిన ఎరువు వాసన, పెన్ను గంధకం వాసన. ఆ నెల నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

జాబితాలో మాటలు మన ఊరికి అతికేవి కావు. పదకొండో తారీఖుకి మంచు అని ఉంది. అక్టోబర్లో కడియంలో మంచు ఎక్కడ తెచ్చేది? "ఇదేం పరీక్షండీ బాబూ" అని మామ్మ పకపకా నవ్వింది. చివరికి చేపలబ్బాయి థర్మాకోల్ పెట్టె గీశాను, ఐసు ముక్కల్లోంచి పండుగొప్ప తోక బయటికొచ్చి. అడ్డదిడ్డంగా పెరిగిన మొక్కల కోసం ఒక తారీఖుంటే నర్సరీ వెనక మూల గుర్తొచ్చింది. అమ్ముడుపోని మొక్కల్ని చాలాకాలం కదపకుండా ఒకేచోట వదిలేస్తే వేర్లు కవరు చీల్చుకుని నేలలోకి దిగిపోతాయి. ఇంక వాటిని ఎత్తలేం, అమ్మలేం. అలాంటివి అక్కడ ఒక వరసంతా ఉన్నాయి. బావగారి దృష్టిలో అది నష్టం. ఆ రాత్రి నాకు కాగితం చాల్లేదు.

చిత్రకళ పుస్తకాల్లో ఉండే సంగతులు కొన్ని నాకు ఆ మట్టికుప్ప దగ్గరే తెలిశాయి. ఇంకులో చెరపడం లేదు కాబట్టి ముందున్న ఆకు ముందు గీయాలి, వెనకది దాని అంచు దాకా వచ్చి ఆగాలి. నేను వెనకాలవి ముందు వేసి, ముందాకు మీదగా గీతలు పోనిచ్చేవాణ్ణి. మామ్మ దాన్ని ఇంకోలా చెప్పింది. కడియం నర్సరీల్లో కొత్త సంవత్సరానికీ, పండగలకీ మొక్కల్ని పేర్చి బొమ్మలు చేస్తారు కదా, పేపర్లలో ఫొటోలు వస్తుంటాయి. ఆవిడ అలాంటివి ఎన్నిట్లోనో పనిచేసింది. నేలమీద పురికొస పరిచి దాని వెంబడి రంగు క్రోటన్లు పెట్టుకుంటూ పోవడం. "అంచు సరిగ్గా కుదిరితే లోపలేం మొక్క పెట్టినా బొమ్మ కనపడిపోద్దండీ. అంచు తప్పితే ఎన్ని పూలు పెట్టినా అంతే" అంది. ఆవిడకి బొమ్మలు తెలియవని అప్పటిదాకా నేననుకుంటూ ఉన్నాను. ఆవిడ గీసిన బొమ్మల పక్కన నా కాగితాలు పోస్టు కార్డులు.

కాగితం పూల కొమ్మ ఒకటి గీసి చూపించినప్పుడు కూడా అంతే. రంగురంగుల రేకులన్నీ వేశాను. "పువ్వేదండీ?" అని అడిగింది. ఇవే కదా అన్నాను. ఒక గుత్తి తుంచి, మూడు రంగు రేకులు విడదీసి, లోపల బియ్యపుగింజంత తెల్లటి పూలు చూపించింది. అసలు పువ్వులు అవేనట, పైవి ఆకుల్లాంటివే. ఆవిడ చెప్పింది శాస్త్రప్రకారం సరైనదేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం కొంచెం కోపం వచ్చింది. రాత్రి రెండు గంటలు కూర్చుని వేసిన బొమ్మ మరి.

ఆ నెలంతా గోదావరి మీద ఒక బరువు ఉండేది. సెప్టెంబరు 15న పాపికొండలు వెళ్తున్న పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. కొందరి శవాలు దొరకలేదు. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చి ఇనపతాళ్ళతో, లంగర్లతో బోటు కోసం గాలిస్తోంది. రోజూ పేపర్లో అదే వార్త, టీ కొట్లో అదే మాట. తాడు తగిలిందట, జారిపోయిందట, వరద పెరిగిందట. అక్టోబరు 22న బోటు బయటికొచ్చింది. ఆ రోజు మా మేనకోడలి జాబితాలో ఉన్న మాట దెయ్యం. పొద్దున అది చూసుకుని ఏదో తాడిచెట్టు మీద దెయ్యాన్ని సరదాగా వేద్దామనుకున్నాను. సాయంత్రం టీ కొట్లో టీవీ ముందు జనం నిలబడిపోయారు. తెరమీద ఏం చూపించారో నాకు స్పష్టంగా గుర్తులేదు. ముందు నిలబడ్డవాళ్ళ మెడలు, వెనక జబ్బలు, టీ గ్లాసు ఎత్తి తాగకుండా అలాగే పట్టుకున్న ఒక చెయ్యి మాత్రం గుర్తున్నాయి. ఆ రాత్రి వాటినే గీశాను. మర్నాడు మామ్మ చాలాసేపు చూసింది. ఆ రోజు తప్పేమీ చెప్పలేదు.

ఆ నెలలోనే ఏదో పనిమీద రాజమండ్రి వెళ్ళి, గోదావరి గట్టు దగ్గర దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలోకి దూరాను. ఎప్పుడో బడిలో ఉండగా డ్రాయింగు మాస్టారు తీసుకెళ్ళారు. ఆ మొదటిసారి చూసిన బొమ్మలేవీ జ్ఞాపకం లేవు, చల్లటి గచ్చు మాత్రం జ్ఞాపకం. రామారావు రాజమండ్రివాడే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఆయన చేతిలో ఉన్నదేమిటో గుర్తుపట్టి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె.స్కూల్లో చదువుకున్నాడు. తిరిగొచ్చి ఇక్కడే చిత్రకళాశాల పెట్టాడు. 1925లో మశూచి సోకి పోయాడు, 28 ఏళ్ళు నిండకుండానే. చిన్నప్పుడు మాస్టారు ఆయన ప్రతిభ గురించి చెప్పి ఉంటారు. ఈసారి నాకు కనిపించింది వేరు. కూల్డ్రే లేకపోతే ఆ కుర్రాడి బొమ్మలు ఎవరు చూసేవారు? అదే కూల్డ్రే దగ్గర చదువుకున్న అడివి బాపిరాజు కథలూ నవలలూ రాస్తూనే కుంచె కూడా పట్టాడు. అంత పెద్దవాళ్ళ పక్కన నా పేరు పెట్టుకోవడం లేదు. వాళ్ళకి ఒక దొర ఉన్నాడు, నాకు ఒక మామ్మ ఉంది అని మాత్రం బస్సులో కూర్చుని అనుకున్నాను. పక్కన కూర్చున్నాయన నేను నవ్వుతుంటే అదోలా చూశాడు.

నెల పూర్తయింది. దీపావళి ముందు రోజు మాట చీకటి. పాళీతో అడ్డగీతలూ నిలువుగీతలూ కొట్టి కొట్టి సీసాలో ఇంకు సగం అవగొట్టాను. ఆఖరి మాట పండినది. చక్కెరకేళి గెల వేశాను. ఆ నెల కాగితాల్లో కొన్ని ఏ తారీఖువో, ఏ మాటకి వేసినవో ఇప్పుడు పోల్చుకోలేను. వానకి తడిసి రాత ఇంకు కరిగిపోయిన కాగితాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఏముండేదో అసలే తెలియదు. నవంబరులో జాబితా లేదు, అయినా మామ్మ అడగడం మానలేదు కాబట్టి నేనూ మానలేదు. ఆ చలికాలమంతా సాగింది. అలవాటైపోయిందని, ఇక నన్నెవరూ ఆపలేరని మేనకోడలికి ఫోనులో గొప్పగా చెప్పాను కూడా.

2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ అన్నారు. లారీలు ఆగిపోయాయి. ఎత్తిన సరుకు ఎత్తినట్టే ఉండిపోయింది. కొనేవాడు లేకపోయినా మొక్క నీళ్ళడుగుతుంది కదా, బావగారూ నేనూ పైపులు పట్టుకుని తిరిగేవాళ్ళం. మామ్మ వాళ్ళూళ్ళో ఉండిపోయింది. బిల్లుల్లేవు, సాయంత్రాలు ఖాళీ, ఇంకు సీసా నిండుగా ఉంది. జన్మలో అంత తీరుబడి నాకు ఎప్పుడూ దొరకలేదు. ఆ వేసవిలో నేను ఒక్క గీత గీయలేదు. భయం వల్ల అనుకున్నాను, దిగులు వల్ల అనుకున్నాను. ఆ ఏడు అక్టోబరులో కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటినప్పుడు కుండపోతగా వాన కురిసింది. అది తెరిపిచ్చాక పనిలోకి వచ్చినవాళ్ళలో, మాస్కు గడ్డం కిందికి లాక్కుని, మామ్మ ఉంది. చిక్కిపోయింది. మట్టి ముద్దయిపోయిందని తిట్టుకుంటూ కూర్చుని, తలెత్తకుండానే, "బొమ్మలు మానేసేరా ఏంటండీ?" అంది. లేదు మామ్మా అన్నాను. ఆ రాత్రే మళ్ళీ మొదలుపెట్టాను.

ఇప్పుడావిడ పనిలోకి రావడంలేదు. మోకాళ్ళు సహకరించక కూతురి దగ్గరుంటోంది. బొమ్మ ఫొటో తీసి ఆవిడ మనవడి ఫోనుకి పంపుతాను. వాడికి తోచినప్పుడు చూపిస్తాడు. ఒక్కోసారి వాయిస్ మెసేజ్ వస్తుంది: "ఆయ్, బాగానే ఉందండి. నందివర్ధనం రేకులు అన్నీ ఒకవైపుకే తిరుగుతాయండి, సూడండి." చూస్తాను. అన్నీ ఒకవైపుకే తిరుగుతాయి.

రోజూ గీయాలనుందని ఎవరైనా కుర్రాళ్ళు సలహా అడిగితే పట్టుదల గురించి నేనేం చెప్పను. అది నాకూ లేదు. ఏ పెన్నైనా ఫరవాలేదు, ఏ కాగితమైనా ఫరవాలేదు. ముందు రోజూ చూసేవాళ్ళని ఒకర్ని చూసుకోండి. వాళ్ళకి బొమ్మల గురించి తెలియాల్సిన పనిలేదు, మీరు గీసే వస్తువు గురించి తెలిస్తే చాలు. పొగిడేవాళ్ళని మాత్రం పెట్టుకోకండి, వారంలో మానేస్తారు.